ఇరవై ఎనిమిదికీ ఇరవై తొమ్మిదికీ నడుమ

నేపుల్స్‌లో అంకెలకు అర్థాలుంటాయి.
కలలో పిచ్చివాడు కనబడితే ఇరవై రెండు.
చచ్చినవాడు ఊరికే పడుకుంటే నలభై ఏడు,
లేచి మాట్లాడితే నలభై ఎనిమిది.
భయానికి తొంభై. అక్కడితో సరి.
మా అమ్మకు అక్షరం ముక్క రాదు గానీ
ఈ నిఘంటువంతా నోటికొచ్చు.

అంకెల బుట్ట నున్జియెల్లాది.
ఆదివారం మధ్యాహ్నాలు
రఫిలీనా పిన్ని ఇస్త్రీ మూటలు పక్కకు నెట్టి
కుర్చీలు వేసేది.
ఆడవాళ్ళూ, నున్జియెల్లా లాంటివాళ్ళూ లోపల.
మగవాళ్ళు గడప తొక్కకూడదు.
మా అన్న సబాతినో కిటికీ ఊచలు పట్టుకుని
ముక్కు ఎగబీల్చుకుంటూ చూసేవాడు.

రేవులో బస్తాలు మోసిన చేతులు ఆమెవి,
గోళ్ళకు చెర్రీ రంగు.
పుట్టిన మూడోనాడు నన్ను ఆ చేతుల్లోనే పెట్టారట.
వాళ్ళు ఎత్తుకున్న బిడ్డకు అదృష్టమని మా సందు నమ్మకం.
రాత్రిపూట ఆమె ఒంటరిగా వస్తుంటే
ఈలలు వేసిందీ ఆ సందే.

చెక్కబిళ్ళ తీసేది, కథ అందుకునేది.
"ఇరవై నాలుగు, పోలీసులు!
నల్లచొక్కాల రోజులు.
నన్ను పెంచిన కార్మిలుచ్చాను
పౌడరు డబ్బాతో సహా పట్టుకుపోయారు.
నలభై నాలుగు, చెర!
సముద్రం మధ్య దీవి. పొద్దుగూకితే తాళం.
అక్కడ గౌను వేసుకుంటే అడిగే దిక్కు లేదట.
ఆ చెరే నయమనేది ఒక్కోసారి,
అలా అన్నందుకు
తన మీద తనే ఉమ్మేసుకునేది."

మేం కార్డుల మీద నారింజ తొక్క ముక్కలు పెట్టుకునేవాళ్ళం.
ఎవరి వరస నిండిందో ఎవరికీ పట్టేది కాదు.

"అరవై రెండు, చంపబడినవాడు!
నలభై మూడు సెప్టెంబరు. జర్మన్లు.
వీధికి అడ్డంగా మంచాలు, పీపాలు, చర్చి బల్లలు.
నా అద్దాల బీరువా కూడా ఈడ్చుకెళ్ళి పడేశాను.
ట్యాంకు వచ్చి ఎదురుగా నిలబడి
దాన్లో తన మొహం చూసుకుంది.
తర్వాత పతకాలిచ్చారు. జాబితాలో నా పేరు లేదు.
పోనీ, బీరువా పేరన్నా రాయొచ్చుగా!"

ఎనిమిదేళ్ళప్పుడు అడిగాను,
"మరి నీ అంకె ఏది?"
గదిలో నవ్వులు ఆగిపోయాయి.
ఆమె బుట్టను ఒళ్ళో పెట్టుకుంది.
"ఇరవై ఎనిమిది, రొమ్ములు.
ఇరవై తొమ్మిది, పిల్లల తండ్రి.
తండ్రంటే మనిషి కాదులే, మీ అమ్మనడుగు.
ఆ రెండింటి నడుమ ఇరుకు గొందిలో ఉంటాను.
ఇంటికి నంబరు లేదు.
ఉత్తరాలు మాత్రం అందుతుంటాయి."

ఎనభైలో నిజం తొంభై వచ్చింది.
మేడ మెట్ల దాకా చీలిపోయింది.
బడిలో దుప్పట్లు పంచుతూ
మగవాళ్ళు ఇటు, ఆడవాళ్ళు అటు అన్నారు.
నున్జియెల్లా వరండా మధ్యన
సూట్‌కేసు మీద కూర్చుంది.
కొంతసేపటికి చీకట్లో బుట్ట గలగలమంది.
రెండు వరసలూ కదిలి
ఆమె చుట్టూ చేరాయి.
ఆ రాత్రి మగవాళ్ళనూ ఆడనిచ్చింది.
ఆ ఒక్క రాత్రే.

రెండేళ్ళకు చట్టం వచ్చింది.
పై అంతస్తు వలేరియా ఆసుపత్రికీ కోర్టుకీ తిరిగి తిరిగి
కొత్త పేరున్న కార్డు తెచ్చుకుంది,
సందంతటికీ మిఠాయి పంచింది.
నున్జియెల్లా మూడు తిని, కళ్ళు తుడుచుకుని అంది,
"జడ్జిగారికి ఇరవై ఎనిమిదో, ఇరవై తొమ్మిదో
ఏదో ఒకటి కావాలట.
నేను గొంది ఖాళీ చేస్తే
తర్వాత వచ్చేవాళ్ళు ఎక్కడ దిగుతారే?"

ఇప్పుడు బుట్ట నా దగ్గరుంది.
నాకు ఆమెలా కథలు చెప్పడం రాదు,
గొంతు కూడా చిన్నది.
కానీ ఇరవై ఎనిమిది పిలిచినప్పుడల్లా
వెంటనే చెయ్యి లోపల పెట్టను.
ముసలివాళ్ళకు తెలుసు, ఊరుకుంటారు.
కొత్త పిల్లలు మాత్రం
ఏమైంది, బిళ్ళ ఇరుక్కుందా అంటారు.